కొండ అంచున మైదానం

మా పెదనాన్న హైదరాబాద్ ఫతే మైదాన్‌లో ఫుట్‌బాల్ ఆట చూసిన తరం మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన కథను ఆయన ఎన్నిసార్లు చెప్పినా, చివరకు వచ్చేసరికి గొంతు తగ్గించి, "రహీమ్ సాబ్‌తోపాటే ఈ ఊళ్లో ఆటా పోయిందిరా" అనేవారు. 1963లో రహీమ్ కన్నుమూసిన తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లమెల్లగా సన్నగిల్లిన మాట నిజమే. అయితే ఒక్క మనిషి పోయినంత మాత్రాన ఊరి ఆటే పోతుందా అన్న సందేహం నన్ను చాలాకాలం వదల్లేదు. గచ్చిబౌలిలో నాతో కలిసి పనిచేసి, తల్లిదండ్రుల కోసం సొంత ఊరు వెళ్లిపోయిన ఒక మిజో మిత్రుడు, ఓడి కింది డివిజన్‌కు జారిపోయి మరుసటి ఏడాదే దేశ ఛాంపియన్‌గా నిలిచిన క్లబ్బు తమ ఊళ్లో ఉందనీ, వచ్చి చూడమనీ రెండేళ్లుగా పిలుస్తుండటంతో, వానలు వెనకబట్టాక మిజోరం రాజధాని ఐజ్వాల్‌కు బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి కోల్‌కతా, అక్కడినుంచి లెంగ్‌పుయి. కొండల నడుమ చదును చేసిన రన్‌వే మీద విమానం దిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాడికి ధైర్యం కాస్త ఎక్కువే ఉండాలి. బయటి రాష్ట్రాలవారికి ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి కనుక విమానాశ్రయంలోనే ఫొటోలు, గుర్తింపు కార్డు ఇచ్చి దాన్ని తీసుకున్నాను. ఊరు అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. పదిమందితో కిక్కిరిసిన సుమోలో మలుపు తర్వాత మలుపు ఎక్కుతూ పోతుంటే, కొండ వీపున గూళ్లలా అతికించినట్టున్న ఇళ్లు ఎదురయ్యాయి. ఇరుకు రోడ్ల మీద బళ్లు బారులు తీరి ఉన్నా ఎవరూ హారన్ మోగించకపోవడం మన ఊళ్ల నుంచి వెళ్లినవాడికి మొదట వింతగా, తర్వాత సిగ్గుగా అనిపిస్తుంది.

ఆ దారిలోనే నాకు అసలు విషయం కొంత బోధపడింది. పాతిక గజాల చదును నేల కనబడితే గొప్ప. అలాంటి చోట ఫుట్‌బాల్ మైదానం చేయాలంటే ఒక కొండను తొలిచి ఇంకో లోయను పూడ్చాలి. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తం జనాభా 11 లక్షలకు కాస్త అటూ ఇటూ, అంటే మన విశాఖ నగరం కన్నా తక్కువ. అయినా 2014లో ఫైనల్లో రైల్వేస్‌ను 3-0తో ఓడించి జాతీయ ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీ పట్టుకెళ్లింది ఈ రాష్ట్రమే.

మరునాడు పొద్దున్న ఎనిమిదింటికే మా మిత్రుడింట్లో అన్నం వడ్డించారు. మిజోలకు పెద్ద భోజనాలు రెండే, ఒకటి పొద్దున్న, ఇంకొకటి దీపాలు పెట్టే వేళకు. ఆకుకూరలతో పలచగా ఉడికించిన బాయి గిన్నె నా ముందుకు జరిపి, హైదరాబాద్‌లో నేర్చుకున్న తెలుగులో "అన్నా, కారం లేదని అనుకోవద్దు, ఊరగాయ మీకోసం దాచిపెట్టాను" అన్నాడు. ఆ ఆవకాయ సీసా అయిదేళ్ల కిందట మా అమ్మ పంపినదేనట. తినే ధైర్యం నాకు లేకపోయింది.

వాడను వాళ్లు వెంగ్ అంటారు. ప్రతి వెంగ్‌కూ ఒక చర్చి ఉంటుంది, 1935లో మొదలైన యంగ్ మిజో అసోసియేషన్ శాఖ ఉంటుంది, చాలా చోట్ల ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంటుంది. చావు ఇంట్లో సమాధి తవ్వడం దగ్గరనుంచి కొండచరియ విరిగిపడితే మట్టి ఎత్తిపోయడం దాకా వాడ కుర్రాళ్లే ముందుంటారు. తన సుఖం పక్కనబెట్టి పదిమంది పనికి ముందుకు రావడాన్ని వాళ్లు త్లామ్‌ఙైహ్నా అంటారు. 2012లో మిజోరం ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఈ వాడ జట్లే అందులోకి నడిచివచ్చాయి, చాన్‌మారి వంటి వాడల పేర్లే క్లబ్బుల పేర్లయ్యాయి. స్థానిక కేబుల్ టీవీ ఆ ఆటలను ప్రసారం చేయడంతో, అరటిపళ్ల దుకాణం అబ్బాయి శనివారం సాయంత్రానికి ఊరంతా గుర్తుపట్టే మనిషయ్యాడు. ఇది నాకు చిన్న విషయంగా తోచలేదు. కుర్రాడికి ఆట నేర్పడం ఎంత అవసరమో, వాడి ఆటను వాడి అమ్మమ్మ చూడగలగడమూ అంతే అవసరం.

మిత్రుడి వాడలోని మైదానం కొండ అంచున ఉంది. పూర్తి కొలతల మైదానం కాదు, ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క వల, వల దాటితే లోయ. పదకొండు పన్నెండేళ్ల పిల్లలు ఇరవైమంది దాకా ఉన్నారు. శిక్షకుడు ఈల వేసినప్పుడల్లా బంతిని ఎడమ కాలితోనే తన్నాలన్నది ఆనాటి నియమం. ఒక బక్కపలచని పిల్లవాడు అలవాటు కొద్దీ కుడికాలు ఎత్తి, తప్పు గుర్తొచ్చి, గాలిలోనే కాలు మార్చబోయి వెల్లకిలా పడ్డాడు. ఎవరూ నవ్వలేదు, శిక్షకుడు బంతిని మళ్లీ వాడి ముందే పెట్టాడు. వాడి బూటు ముందుభాగం చేపల వల దారం లాంటి నైలాను దారంతో కుట్టి ఉంది. రహీమ్ సాబ్ కూడా కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో తిప్పుకుంటూ పోవడం) నిషేధించిన పోటీలు పెట్టేవారని పెదనాన్న చెప్పిన మాట అక్కడ గుర్తొచ్చి, రాతిగోడ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

బంతి వల మీదుగా లోయలోకి పోతే దాన్ని తెచ్చే వంతు ఒకటి ఉంటుందట. ఆ వంతు పిల్లవాడు మెట్లదారిన దిగి, కిందివాళ్ల పెరట్లోంచి బంతి తెచ్చేదాకా ఆట ఆగుతుంది. "అందుకే మావాళ్లు బంతిని పైకి లేపరు, నేల మీదే చిన్న చిన్న పాసులు ఇస్తారు" అన్నాడు మిత్రుడు. నిజమో వేళాకోళమో తేల్చుకోలేకపోయాను.

ఐజ్వాల్ ఎఫ్‌సీ 1984లో పుట్టిన క్లబ్బు. వ్యాపారవేత్త రాబర్ట్ రాయ్టే చేతికి వచ్చాక 2015లో రెండో డివిజన్ గెలిచి అప్పటి అగ్రశ్రేణి లీగ్ అయిన ఐ-లీగ్‌లోకి వచ్చింది, మరుసటి సీజన్లోనే తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచి కిందికి జారింది. అదే ఏడాది ఫెడరేషన్ కప్పు ఫైనల్ దాకా వెళ్లి మోహన్ బగాన్ చేతిలో 5-0తో ఓడింది. గోవా క్లబ్బులు లీగ్ నుంచి తప్పుకోవడంతో ఐజ్వాల్‌ను వెనక్కి పిలిచారు. ఇది అదృష్టమే, ఒప్పుకోవాలి. అయితే ఆ అదృష్టాన్ని ఏం చేసుకున్నారన్నదే అసలు కథ. ముంబయి ఎఫ్‌సీని ఏడేళ్లు నడిపి బయటికొచ్చిన ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా పెట్టుకున్నారు. ఆయన జట్టుకు వెన్నెముకగా సిరియా మిడ్‌ఫీల్డర్ మహమూద్ అల్ అమ్నా, లైబీరియాకు చెందిన ఆల్ఫ్రెడ్ జార్యాన్, ముంబయి నుంచి వచ్చిన అశుతోష్ మెహతా, జయేష్ రాణే, గోల్ ముందు గోవా కుర్రాడు అల్బినో గోమ్స్ నిలిచారు. మిగతా బలమంతా లాల్‌రువత్తార, బ్రాండన్ వన్‌లాల్‌రెమ్‌డికా, లాల్‌రామ్‌చుల్లోవా వంటి మిజో యువకులదే. బయటివారు అనుభవం తెచ్చారు, ఊరివారు పరుగు పెట్టారు. ఈ రెంటినీ జమీల్, గెలుపు కన్నా ముందు ఓటమి తప్పించుకోవడం తెలిసిన మనిషికి ఉండే ఓపికతో ముడివేశాడు.

నగరానికి దక్షిణాన ఉన్న మువాల్‌పుయిలోని రాజీవ్ గాంధీ స్టేడియానికి ఆ మధ్యాహ్నం వెళ్లాం. ఖాళీ గ్యాలరీలో మిత్రుడు సరిగ్గా తాను కూర్చున్న చోటే నన్నూ కూర్చోబెట్టి 2017 ఏప్రిల్ 22ను వర్ణించాడు. ఐజ్వాల్, మోహన్ బగాన్ చెరో 33 పాయింట్లతో సమానంగా ఉన్నాయి, ఎనభై నిమిషాలు దాటినా గోల్ లేదు. 83వ నిమిషంలో డిఫెండర్ జోమింగ్‌లియానా రాల్టే తలతో బంతిని గోల్లోకి పంపినప్పుడు, పక్కన కూర్చున్న ముసలాయన తన పళ్లెం పోగొట్టుకున్నాడనీ, అది మళ్లీ దొరకలేదనీ చెప్పాడు. పళ్లెం ఏమిటని అడిగితే, డప్పు లేక తెచ్చుకున్న అన్నం పళ్లేన్ని గరిటెతో వాయిస్తున్నాడట.

చివరి ఆట ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో, అక్కడి క్లబ్బు లాజాంగ్‌తో. ఒక్క డ్రా చాలు. ఆ రోజు ఆదివారం. మిజోరంలో ఆదివారమంటే చర్చి తప్ప మరే పనీ ఉండదు, మైదానాలకు కూడా సెలవే. అయినా ఆ సాయంత్రం తమ వీధిలో టీవీ మోగని ఇల్లు లేదనీ, వాళ్లమ్మ మాత్రం శబ్దం తగ్గించమని మందలిస్తూనే గుమ్మంలోంచి స్కోరు అడిగిందనీ మిత్రుడు చెప్పాడు. డిపాండా గోల్‌తో లాజాంగ్ ముందు ఆధిక్యం సాధించింది, రెండో సగంలో విలియమ్ లాల్‌నున్‌ఫెలా సమం చేశాడు. 18 ఆటల్లో 37 పాయింట్లు, బగాన్‌కు 36. దేశపు అగ్రశ్రేణి లీగ్ గెలిచిన మొట్టమొదటి ఈశాన్య భారత క్లబ్బు ఐజ్వాల్ అయింది. జమీల్‌ను వదులుకున్న ముంబయి ఎఫ్‌సీ అదే సీజన్లో కిందికి జారిందంటే, ఫుట్‌బాల్‌కు కాస్త కొంటెతనం ఉందని ఒప్పుకోక తప్పదు.

ఆ తర్వాతి కథ ఎవరూ గొప్పగా చెప్పుకోరు. నాకు మాత్రం అదే ఎక్కువ ముఖ్యమనిపించింది. కొన్ని వారాల్లోనే జట్టు చెల్లాచెదురైంది. జమీల్‌తోపాటు అల్ అమ్నా, బ్రాండన్, లాల్‌రామ్‌చుల్లోవా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, లాల్‌రువత్తార కేరళ బ్లాస్టర్స్‌కు, రాణే కోల్‌కతాలోని మరో క్లబ్బు ఏటీకేకు. 2018 జనవరిలో ఆసియా ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీకి ఇరాన్ వెళ్లిన జట్టు, అక్కడి క్లబ్బు జోబ్ అహాన్ చేతిలో 3-1తో ఓడిన జట్టు, పేరుకే ఛాంపియన్. డబ్బున్న క్లబ్బులు పిలిస్తే కుర్రాళ్లు వెళ్తారు, వెళ్లాలి కూడా. ఐజ్వాల్ మళ్లీ ఛాంపియన్ కాలేదు. అయినా ఆ తర్వాత కూడా వాడల నుంచి వచ్చిన కొత్త పిల్లలతోనే జాతీయ లీగ్‌లో జట్టు దించింది.

"జమీల్ సార్ భారత జట్టు కోచ్ అయ్యారు కదా, మా ఊళ్లో నేర్చుకున్నదే అక్కడ పెడుతున్నారు" అని టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన గర్వంగా అన్నాడు. 2025 ఆగస్టులో ఆ నియామకం జరిగినప్పుడు ఐజ్వాల్‌లో జనం తమవాడికి ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డారట. మనసులో నేను హైదరాబాద్ లెక్క వేసుకున్నాను. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా కుర్రాళ్లను నమ్ముకున్న జట్టే, మూడేళ్లు తిరిగేసరికి ఢిల్లీకి తరలిపోయింది. నా సందేహానికి జవాబు ఇక్కడ దొరికిందనుకుంటాను. రహీమ్ వెనక బస్తీల్లో పిల్లలు ఉన్నారు, వాళ్లకు వరుస కట్టే వ్యవస్థ నిలవలేదు. ఇక్కడ కోచ్ పోయాడు, ఆటగాళ్లు పోయారు, వెంగ్ మిగిలింది.

ఆదివారం ఊరు తలుపులేసుకుంది. మిత్రుడి పక్కింటి పిల్లవాడు మెట్ల మీద బంతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడే తప్ప ఒక్కసారి కూడా తన్నలేదు.

సోమవారం పొద్దున్న లెంగ్‌పుయి సుమో ఎక్కేముందు మరోసారి ఆ మైదానానికి వెళ్లాను. నైలాను దారం బూటు కుర్రాడు ఈసారి ఎడమ కాలితో గట్టిగానే తన్నాడు, బంతి వల దాటి లోయలో పడింది. వంతు కూడా వాడిదే కావడంతో మెట్ల వైపు పరుగెత్తాడు. "క లోమ్ ఎ" అని శిక్షకుడికి ధన్యవాదం చెప్పి, మిత్రుణ్ని కౌగిలించుకుని బండెక్కాను. రెండు మలుపులు దిగాక కిటికీలోంచి చూస్తే, ఎవరిదో పెరటి గోడ దూకి, బంతిని చంకన పెట్టుకుని వాడు పైకి ఎక్కుతున్నాడు.