కార్తెల పట్టిక, ఆరో ప్రయత్నం: రెండు హెడింగుల మధ్య ఒక సన్నని గీత

దొరికింది! నాన్న వాన లెక్కల వెబ్ పేజీలో, పట్టిక హెడింగుల మధ్య సందులా కనపడుతూ నాలుగు రాత్రులు నిద్ర చెడగొట్టిన గీత చివరికి దొరికింది. ఫోన్ తెర మీద దాని మందం ఒకే ఒక్క చుక్క. సీఎస్ఎస్ (వెబ్ పేజీ రూపం చెప్పే భాష) లెక్కలో 0.36 పిక్సెల్. దీనికోసమా నేను ఫాంటుని తిట్టింది, బ్రౌజర్‌ని తిట్టింది, ఆఖరికి ఫోన్ స్క్రీన్‌గార్డు కూడా పీకేసింది!

పాత సంగతి రెండు ముక్కల్లో. నాన్న 1989 నుంచి పెరట్లో రెయిన్‌గేజి పెట్టి వాన లెక్క నోటుపుస్తకాల్లో రాస్తున్నాడు. దాన్ని కార్తెల వారీగా ఒక వెబ్ పేజీలో పెడుతున్నాను. 2024 దాకా 36 వరుసలు, అశ్వని నుంచి రేవతి దాకా 27 కాలమ్‌లు, ఎడమవైపు సంవత్సరం. హెడింగులు రెండు వరుసలు. పై వరుసలో కాలం పేరు, కింద కార్తె పేరు. పైన నెలల పేర్లు పెట్టమని నాన్న పట్టుబట్టాడు గానీ కార్తె అంటే పదమూడు, పద్నాలుగు రోజులు. నెలకీ దానికీ పొత్తు కుదరదు. ఆర్ద్ర జూన్‌లో మొదలై జూలైలో పోతుంది, దాన్ని ఏ నెల కింద పెట్టాలి? అందుకని వేసవికి 4, నైరుతికి 8, ఈశాన్యానికి 7, మిగతావాటికి 8 అని పంచేశాను. హస్తని ఈశాన్యంలో వేసినందుకు ఇంకా అలిగే ఉన్నాడు.

హెడింగులు కదలకుండా నిలబడాలన్న పట్టుదల ఎందుకంటే, 2010 వరుస దాకా దిగాక నాన్న అడిగేది ఒకటే: "ఒరేయ్, ఈ 64 ఆర్ద్రదా, పునర్వసుదా?" వేలితో పైకి జరుపుకుని, పేరు చూసుకుని, మళ్లీ దిగేసరికి ఏ గడి చూస్తున్నాడో మర్చిపోతాడు. ఎక్సెల్‌లో ఫ్రీజ్ పేన్స్ అలవాటైన మనిషి, ఇక్కడ లేకపోతే ఊరుకుంటాడా.

ఇంతవరకు అయినవి: పట్టిక చుట్టూ ఉన్న డివ్‌కి (డబ్బాకి) ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో (పట్టని భాగం అడ్డంగా జరిగే ఏర్పాటు) ఇస్తే నిలువు స్టికీ (పేజీ జరిపినా హెడింగుని అంచుకి అతికించి ఉంచే గుణం) చచ్చిపోయే గొడవ పోయిన నెలే తీరింది, ఆ డబ్బాకే ఎత్తు ఇచ్చి రెండు దిక్కులా అందులోనే జరిగేలా చేశాను. సంవత్సరం కాలమ్ నిలబడింది. మూల గడి అందరికంటే పైన ఉంది. (ఏ డబ్బా స్క్రోల్ అవుతోందో చూడటానికి ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్పెక్టర్‌కి మించింది లేదు. ట్యాగు పక్కనే స్క్రోల్ అని చిన్న బిళ్ల చూపిస్తుంది.)

ఇక అసలు గోల.

ఫోన్‌లో కిందికి జరుపుతుంటే రెండు హెడింగ్ వరుసల మధ్య ఒక సన్నని సందు. అందులోంచి కింద పోతున్న అంకెల ముక్కలు మిణుకు మిణుకుమంటూ పోతాయి. గడప కింద నుంచి చీమలు దూరినట్టు. ఆగి చూస్తే ఒక్కోసారి కనపడదు, జరుపుతుంటేనే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లో అసలు లేదు. నాన్న దగ్గరున్న పాత ట్యాబ్లెట్‌లోనూ లేదు. అది ఆండ్రాయిడ్ 4.4, క్రోమ్ 81 దగ్గరే ఆగిపోయింది. అంటే పాతది బాగుంది, కొత్త ఫోన్ కారుతోంది. ఇక్కడే తల తిరిగింది.

మొదటి అనుమానం బోర్డర్-కొలాప్స్ (పక్కపక్క గడుల గీతల్ని ఒక్కటిగా కలిపే అమరిక) మీద. కొలాప్స్ పెడితే గీతలు పట్టిక సొత్తు అవుతాయి, స్టికీ గడితో పాటు రావు, కిందికి జరిపితే హెడింగు గీత లేకుండా బోడిగా మిగులుతుంది. అందుకని సెపరేట్‌కి (ఏ గడి గీత ఆ గడికే) మార్చి, గడుల మధ్య స్పేసింగ్ సున్నా పెట్టి, గీతలన్నీ లోపలి బాక్స్-షాడోతో (గడి లోపల పడే నీడతో) గీశాను. గీతలు చక్కబడ్డాయి. సందు మాత్రం అక్కడే ఉంది.

రెండోది ఫాంటు. మండలి వాడుతున్నాను. తెలుగు వెబ్ ఫాంట్లలో చిన్న సైజులో ఒత్తులు విడిగా కనిపించేది నా కంటికి అదే. రామభద్ర శీర్షికలకి బాగుంటుంది గానీ 15 పిక్సెళ్లలో ముద్దయిపోతుంది. కృత్తిక, జ్యేష్ఠ లాంటి పేర్లకి కింద ఒత్తులు ఉన్నాయి కదా, అవి వరుస ఎత్తుని కొంచెం కొంచెం మారుస్తున్నాయేమో అనుకున్నా. ఫాంటు తీసేసి ఫోన్‌లో ఉన్న నోటో ఫాంటుతో చూశా. అదే సందు. పేర్లు తీసేసి వన్, టూ, త్రీ అని ఇంగ్లిష్‌లో పెట్టా. అదే సందు. ఫాంటుకి క్షమాపణ. లైన్-హైట్ (ఒక లైను ఎత్తు) అంకెగా ఇచ్చాక ఒత్తు ఎంత కిందికి దిగినా వరుస ఎత్తు మారదని నాకు ముందే తట్టాల్సింది.

మూడో రాత్రి కొలతలు మొదలెట్టా. ఈ పని మొదటి రాత్రే చేసి ఉండాల్సింది.

పై వరుస అక్షరం 0.95 రెమ్ (పేజీ మూల అక్షరసైజుకి ఎన్ని వంతులో చెప్పే కొలత), అంటే 15.2 పిక్సెళ్లు. లైన్-హైట్ 1.75. గుణిస్తే 26.6. పైనా కిందా ప్యాడింగ్ (గడి లోపల వదిలే ఖాళీ) ఎనిమిదేసి. మొత్తం 42.6. బ్రౌజర్ కన్సోల్‌లో ఆఫ్‌సెట్-హైట్ (ఎత్తు చెప్పే కొలత) అడిగితే 43 అంది, దాన్నే నమ్మి రెండో వరుసకి టాప్ (పై అంచుకి ఎంత కింద అతుక్కోవాలో చెప్పేది) 43 అని రాసేశా. అదే తప్పు. ఆఫ్‌సెట్-హైట్ ఎప్పుడూ పూర్తి అంకెకి సర్ది చెబుతుంది. గెట్-బౌండింగ్-క్లయింట్-రెక్ట్ అనే ఇంకో కొలత అడిగితే 42.59 అని నిజం చెప్పింది.

మరి ల్యాప్‌టాప్‌లో ఎందుకు కనపడలేదు? అక్కడ సీఎస్ఎస్ లెక్కలోని ఒక పిక్సెల్‌కి తెర మీద ఒకే చుక్క. 42.6 దగ్గర అయిపోయే వరుసని 43వ చుక్క దాకా సర్ది గీస్తుంది, రెండోది 43 దగ్గరే మొదలవుతుంది. అతుక్కుపోయాయి. నా ఫోన్‌లో ఒక పిక్సెల్‌కి 2.75 చుక్కలు. 42.6 × 2.75 అంటే 117.15, అంటే 117 దగ్గర ఆగింది. 43 × 2.75 అంటే 118.25, రెండోది 118 దగ్గర మొదలైంది. మధ్యలో ఒక చుక్క ఖాళీ. ఆ చుక్కలోంచే ముప్పై ఆరేళ్ల వాన కారుతోంది!

లెక్క సరిపోయిందో లేదో చూద్దామని ల్యాప్‌టాప్‌లో జూమ్ మార్చా. 110 శాతంలో సందు లేదు. 125లో ఉంది. 175లో లేదు. 200లో ఉంది. కాగితం మీద వేసుకుంటే అచ్చం అలాగే వస్తోంది: 125 దగ్గర 53.25కి 53.75, ఇది 53, అది 54. 175 దగ్గర 74.55కి 75.25, రెండూ 75. అర్ధరాత్రి ఒంటిగంటకి ఇది కుదిరినప్పుడు వచ్చిన ఆనందం పట్టిక మొత్తం పూర్తయినా రాదు.

ట్యాబ్లెట్‌లో కనపడకపోవడానికి రెండు కారణాలు కలిశాయనుకుంటున్నా. ఒకటి, దానికీ పిక్సెల్‌కి ఒకే చుక్క. రెండోది, 2021లో వచ్చిన క్రోమ్ 91కి ముందు పట్టికల ఇంజిన్ పాతది, వరుస ఎత్తులన్నీ పూర్తి పిక్సెళ్లలోనే ఉండేవి. అలర్ట్ పెట్టి ఎత్తుని తెర మీద చూశా, దశాంశం లేదు. 91లో పట్టికల ఇంజిన్ కొత్తగా రాశాక ఎత్తులు భిన్నాల్లో రావడం మొదలైంది. కొత్త ఇంజిన్ మంచిదే, తప్పంతా 43 రాసిన నాదే.

మందులు ఏమేం వేశానో చెప్తాను.

టాప్ 42 చేస్తే రెండో వరుస పై వరుస మీదికి కొంచెం ఎక్కుతుంది. సందు అన్నిచోట్లా పోయింది, కానీ పై వరుస కింది అంచున ఉన్న గీతని తినేసింది. గీతని రెండో వరుస నెత్తి మీదికి మార్చా. పనిచేస్తుంది. అతుకుల బొంత.

తర్వాత స్క్రిప్ట్. రీసైజ్ అబ్జర్వర్ (సైజు మారగానే చెప్పేది) పెట్టి, అసలు ఎత్తు కొలిచి, ఒక సీఎస్ఎస్ వేరియబుల్‌లో వేసి టాప్‌కి ఇచ్చా. అక్షరాల సైజు పెంచినా, ఈశాన్య ఋతుపవనాలు అన్న పేరు రెండు లైన్లకి విరిగినా సర్దుకుంటుంది. కానీ ఫోన్ అడ్డం తిప్పినప్పుడు లిప్తపాటు సందు తెరుచుకుని మూసుకుంటోంది. ఒక హెడింగు నిలబెట్టడానికి స్క్రిప్ట్ కాపలా ఏమిటని చిరాకేసింది. ఆ మాటకొస్తే డేటాటేబుల్స్ అనే పట్టికల లైబ్రరీలో ఫిక్స్‌డ్ హెడర్ రెడీగానే ఉంది, ముప్పై ఆరు వరుసలకి దాన్ని తేవడం కొత్తిమీర కట్టకి లారీ మాట్లాడినట్టు ఉంటుంది.

అసలు మందు అందరికీ తెలిసిందే. గడి గడికీ కాకుండా టీహెడ్‌కే (హెడింగు వరుసలన్నీ ఉండే ట్యాగుకే) స్టికీ ఇచ్చేస్తే రెండు వరుసలూ ఒకే ముద్దగా అతుక్కుంటాయి, రెండో టాప్ లెక్కే అక్కర్లేదు. నేను ఇన్నాళ్లూ దాని జోలికి పోనిది ట్యాబ్లెట్ కోసమే. క్రోమ్‌లో టీహెడ్ మీద స్టికీ పనిచేసేది 91 నుంచి. అంతకుముందు టీహెచ్ అనే విడి హెడింగు గడులకే. ట్యాబ్లెట్ మార్చమంటే నాన్న "బాగానే ఉందిగా" అంటాడు. అది బాగానే ఉంది, నిజమే.

ఎట్ సపోర్ట్స్‌తో (ఫలానా గుణం ఉన్న బ్రౌజర్‌కే ఈ రూల్ అని చెప్పేది) పాత, కొత్త బ్రౌజర్లని విడదీద్దామంటే, టీహెడ్ మీద స్టికీ ఉందా అని అడిగే దారి లేదు. పొజిషన్ స్టికీ ఉందా అంటే క్రోమ్ 81 కూడా ఉందనే చెబుతుంది. కాబట్టి దొంగదారి: ఓవర్‌ఫ్లో క్లిప్ అనే వేరే గుణం ఉందా అని అడిగాను. అది క్రోమ్ 90లో వచ్చింది. 90కీ 91కీ ఒక్క మెట్టే తేడా. సరిగ్గా 90 దగ్గర ఆగినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

పెట్టా. రిఫ్రెష్ చేశా. సందు అలాగే ఉంది!

ఇంకో గంట. చివరికి చూస్తే, కొత్త రూల్‌లో టీహెడ్‌కి స్టికీ ఇచ్చాను గానీ లోపలి గడులకి పాత స్టికీ, పాత టాప్ 43 తీసేయలేదు. టీహెడ్ పైకి అతుక్కుంది, లోపల రెండో వరుస మాత్రం తన 43 కోసం ఇంకో 0.4 కిందికి జరిగి కూర్చుంది. గడుల టాప్‌ని ఆటో చేయగానే మూసుకుపోయింది. మూల గడికి మాత్రం ఎడమ అంచుకి అతికించే లెఫ్ట్ ఉంచాలి, పొజిషన్ స్టాటిక్ చేసేస్తే (స్టికీ తీసేస్తే) అది అడ్డంగా జరిగిపోతుంది. (చేశాను. జరిగిపోయింది.) టీహెడ్‌కి జెడ్-ఇండెక్స్ (ఏది దేని మీద కనపడాలో చెప్పే అంకె) 2, సంవత్సరం కాలమ్‌కి 1. పాత బ్రౌజర్లకి టాప్ 42, అతుకుల బొంతే.

ఇప్పుడు 125, 200, ఫోన్, ట్యాబ్లెట్, నాలుగింటా సందు లేదు. ఆదివారం పొద్దున నాన్నకి చూపిస్తే పైకీ కిందికీ రెండుసార్లు జరిపి, "ఇంతకుముందు కూడా ఇలాగే ఉందిగా" అన్నాడు. ఆయన ట్యాబ్లెట్‌లో ఉన్నమాటే.

తర్వాతి పని ఫోన్ అడ్డంగా తిప్పినప్పటి సంగతి. రెండు హెడింగులు కలిసి 85 పిక్సెళ్ల దాకా తినేస్తున్నాయి, కింద ఏడెనిమిది ఏళ్లు కూడా కనపడటం లేదు. ఎత్తు తక్కువున్నప్పుడు కాలం పేరున్న పై వరుసని స్టికీ నుంచి తప్పిద్దామా అనుకుంటున్నా, కానీ అలా చేస్తే మళ్లీ గడి గడికీ స్టికీ ఇవ్వాలి, పాత గోల. ప్యాడింగ్ ఎనిమిది నుంచి మూడుకి దించి చూడటమే తేలిక.

దానికంటే ముందు ప్రింటు. నాన్నకి గోడకి తగిలించుకునే కాగితం కావాలట. టీహెడ్ ఉంది కాబట్టి ప్రతి పేజీలో హెడింగు దానంతటదే వస్తుంది, ఈ ఒక్క చోట బ్రౌజర్లు మనల్ని ఏడిపించవు. డబ్బా ఎత్తు, ఓవర్‌ఫ్లో మాత్రం ప్రింటులో తీసేయాలి, లేకపోతే తెర మీద కనిపించినంత ముక్కే వస్తుంది. ఏ4 అడ్డంగా 297 మిల్లీమీటర్లు. అంచులు పదేసి తీసేస్తే 277, సంవత్సరానికి 16 పోతే 261. ఇరవై ఏడు కాలమ్‌లకి పంచితే ఒక్కోదానికి దాదాపు 9.7. అందులో ఉత్తరాభాద్ర ఎలా పడుతుంది? పేర్లని నిలువుగా తిప్పి రాయాలి, రైటింగ్-మోడ్ వర్టికల్ పెట్టి. మెడ పక్కకి వంచి చదవాల్సి వస్తుందని నాన్న ఇప్పటినుంచే గొణుగుతున్నాడు. ఏ3 కాగితం ఎక్కడ ప్రింటు వేస్తారో రేపు టౌన్లో కనుక్కోవాలి.