దిగుడే కష్టం

మంగళవారం రాత్రి.

పొద్దున మంచం దిగబోతే తొడలు ఒప్పుకోలేదు. ఆదివారం అక్క పిల్లల్ని గోల్కొండకు తీసుకెళ్లాను. దాదాపు 360 మెట్లు. పైన బారాదరి చేరేలోపు రొప్పుతూ నాలుగుచోట్ల కూలబడ్డాను. దిగేటప్పుడు మాత్రం పిల్లలతో పోటీపడి గబగబా దిగేశాను. నిన్న కాస్త బిగుతుగా ఉంది, అంతే. అసలు వసూలు ఇవాళ మొదలైంది.

మూసాపేటలో మెట్రో స్టేషన్ మెట్లు బాగానే ఎక్కాను. హైటెక్ సిటీలో దిగి బయటికి వచ్చేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. వెనకున్న కుర్రాడు "అంకుల్, కొంచెం సైడ్" అన్నాడు. నాకు 38 ఏళ్లే.

ఆఫీసులో జిమ్ముకెళ్లే తమ్ముడొకడు "లాక్టిక్ యాసిడ్ అన్నా, నీళ్లు బాగా తాగు" అని తేల్చేశాడు. ఆ యాసిడ్ శ్రమ ఆపిన గంటా రెండు గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది. రెండు రోజులు ఆగి నొప్పి పుట్టించేంత ఓపిక దానికి లేదు.

కండరానికి లాగడమే వచ్చు, తోయడం రాదు. అందుకే జంటలు. మోచెయ్యి మడవడానికి ముందువైపు ద్విశిర కండరం, చాపడానికి వెనకవైపు త్రిశిర కండరం. ఒకటి లాగితే రెండోది వదలాలి. బళ్లో ఇంతవరకు మార్కుల కోసం బట్టీపట్టిందే. నాకు ఎవరూ చెప్పనిది ఇంకో పని ఉంది: లాగుతూనే సాగడం. బావిలోకి బిందె దించేటప్పుడు తాడు ఒక్కసారిగా వదిలెయ్యం కదా. పట్టు బిగించే ఉంచి, కొంచెం కొంచెంగా జారనిస్తాం. మెట్టు దిగేటప్పుడు పై మెట్టు మీదున్న కాలి తొడ చేసేది అదే. తొడ ముందువైపు నాలుగు కండరాలు కలిసి మోకాలి చిప్ప మీదుగా వెళ్లి, కింది కాలి ఎముకను పట్టుకుని ఉంటాయి. ఒళ్లంతా కిందికి జారుతుంటే అవి బిగుసుకునే సాగుతాయి. అలవాటు లేని ఒంట్లో ఆ సాగుడుకే సన్నని పోగులు దెబ్బతింటాయి. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. ఎక్కడం ఊపిరి తీసింది, కండను నలగ్గొట్టింది దిగడం.

సాయంత్రం ఎర్రగడ్డ రైతుబజార్‌లో ఆగాను. ఉల్లిగడ్డలు, టమాటాలు, సొరకాయ కలిపి ఐదు కిలోలు. ఇంటి దగ్గర శుక్రవారం నుంచి లిఫ్టు లేదు, మూడో అంతస్తు. సంచి మెట్లకు తగలకుండా మోచెయ్యి మడిచి పట్టుకున్నాను. ద్విశిర కండరం ముంజేతి ఎముకను పట్టుకునే చోటు మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది, అరచెయ్యి సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో. అంటే ఐదు కిలోలకు కండ 40 కిలోల లెక్కన లాగాలి. తలుపును బందు దగ్గర చెయ్యిపెట్టి తోస్తే ఎంత మొండికేస్తుందో, అలా. లాభమూ ఉంది: కండ ఒక్క సెంటీమీటరు ముడుచుకుంటే చెయ్యి దానికి ఏడెనిమిది రెట్లు కదులుతుంది. రాయి విసరడానికి మంచిదే, సొరకాయ మొయ్యడానికి కాదు. వేళ్లు బిగించి పట్టుకుంటే నొప్పి ముంజేతిలో ఎందుకో కూడా అప్పుడే వెలిగింది. వేళ్లను ముడిచే కండలు ముఖ్యంగా అక్కడే ఉన్నాయి. మణికట్టు దగ్గర తాళ్లలా తేలే స్నాయువులతో వేళ్లను లాగుతాయి. మనం వాటిని కూడా నరాలే అనేస్తాం.

అన్నాలయ్యాక అమ్మ కింద కాసేపు నడుద్దామంది. "ఎక్కుడు నయమే బిడ్డా, దిగుడే అయితలేదు" అని ఎన్నేళ్లుగా అంటోందో. దిగడంలో ఏముందమ్మా, భూమే లాగుతుంది కదా అని ప్రతిసారీ కొట్టిపారేసేవాణ్ని. ఇంజనీరింగ్ చదివినవాడి తెలివి. అమ్మ రెయిలింగ్‌కు తిరిగి, పక్కవాటుగా, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగింది. వెనక నేను, అచ్చం అలాగే.

రెండో అంతస్తు దగ్గర ఆగి వెనక్కి చూసింది. "నీకేమైందిరా?"

"గోల్కొండ" అన్నాను.

నవ్వింది. నేను వచ్చేదాకా అక్కడే నిలబడింది.