కాంటర్బరీలో ఒక సాయంకాల ప్రార్థన

డోర్నకల్ డయాసిస్‌లో, అంటే ఒక బిషప్ కింద ఉండే క్రైస్తవ మండలంలో, పుట్టి పెరిగిన నాకు సాయంకాల ప్రార్థన అంటే, నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుని నిద్రమత్తులో అప్పజెప్పిన "ప్రభువా, మా చీకటిని వెలిగించుము" అన్న మాటలే. క్రైస్తవ సన్యాసులు సాయంత్రమూ రాత్రీ వేర్వేరుగా చేసుకొనే రెండు ప్రార్థనలను కలిపి, సామాన్యులకు అర్థమయ్యే భాషలో ఒకే క్రమంగా 1549లో కూర్చినవాడు ఇంగ్లండులోని కాంటర్బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ అని పెద్దయ్యాక తెలిసింది. ఆ క్రమాన్ని అది పుట్టిన నేలమీద ఒక్కసారైనా వినాలన్న కోరిక చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది. చివరకు మా దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ. చర్చి) 1947లో ఏర్పడిన తేదీ అయిన సెప్టెంబరు 27ను ఎంచుకొని బయలుదేరాను.

పూర్వపు యాత్రికులు కాంటర్బరీకి రోజుల తరబడి నడిచిన దారిలో నేను నడిచింది చిల్హమ్ అనే ఊరి నుంచి చివరి మజిలీ మాత్రమే. ఆపిల్ తోటల మధ్య బురదలో జారుకుంటూ నడిచి, మడమ బొబ్బలెక్కి కుంటుతూ ఊరు చేరేసరికి అయిదు దాటింది. అక్కడి ప్రధాన దేవాలయమైన కెథెడ్రల్ చూడటానికి టికెట్ ఉంది గాని ప్రార్థనకు వచ్చేవారికి లేదు. "ఈవెన్‌సాంగ్‌కు (సాయంకాల ప్రార్థనకు) వచ్చాను" అనగానే ద్వారం దగ్గరున్న పెద్దాయన నా బూట్లవైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి దారి చూపించాడు.

మెట్లెక్కి, రాతి తెర దాటితే గాయకబృందం కూర్చొనే చోటు వస్తుంది. 1174లో అగ్నికి ఆహుతైన తరువాత తిరిగి కట్టిన భాగమది. ఎదురెదురుగా చెక్క వరుసలు, ప్రతి పుస్తకం దగ్గరా చిన్న దీపం. దక్షిణాన ఉన్నవారిది డీన్ (కెథెడ్రల్ పెద్ద గురువు) పక్షం, ఉత్తరాన ఉన్నవారిది ప్రధాన గాయకుడి పక్షం. కీర్తనల చరణాలను ఒక పక్షం తరువాత ఒక పక్షం అందుకొంటాయి. మన పద్యగాయకులు పాదం చివర రాగం తీసినట్టే వీరూ చివరికి స్వరం తిప్పుతారు గాని, రాగం సాగదీయరు; ఎన్ని మాటలున్నా ఒకే స్వరం మీద మాట్లాడినట్టు నడిపించి, చివరి మూడు నాలుగు మాటల దగ్గర మాత్రం మెల్లగా దిగుతారు. చరణం మధ్యలో ఒక నిశ్శబ్దం ఉంటుంది. అందరూ కలిసి ఊపిరి తీసుకొనేంత సేపు, అంతే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ నిశ్శబ్దమే.

ఆ క్రమం ఉన్న ప్రార్థనా పుస్తకం బైబిల్లోని 150 కీర్తనలను 30 రోజులకు, ఉదయానికీ సాయంత్రానికీ పంచింది. 27వ తేదీ సాయంత్రానికి వచ్చేవి 126 నుంచి 131 వరకు. మన బైబిల్లో వాటి పైన "యాత్రకీర్తన" అని ఉంటుంది. తేదీ నేను ఎంచుకొన్నది వేరే కారణానికి. ఈ సంగతి పుస్తకం తెరిచేదాకా తట్టలేదు. "కన్నీళ్లు విడుచుచు విత్తువారు సంతోషగానముతో పంట కోసెదరు" అన్న చరణం వచ్చినప్పుడు, మా ఊరి గుడి అలవాటు కొద్దీ నేనూ గొంతు కలిపాను. పక్కనున్న ముసలావిడ నా మోచేతిని వేలితో తాకి, చిరునవ్వుతో తల అడ్డంగా ఊపింది.

నిజం చెప్పాలంటే నొచ్చుకొన్నాను. గుడి కప్పు ఎగిరేలా అందరమూ పాడితేనే ఆరాధన అనుకొనేవాళ్లం. ఇక్కడ కచేరీకి వచ్చినవాడిలా కూర్చోబెట్టారనిపించింది. పాత నిబంధన పాఠం, ఆ తరువాత "నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది" అనే మరియ గీతం, కొత్త నిబంధన పాఠం, "నాథా, యిప్పుడు నీ మాట చొప్పున సమాధానముతో నీ దాసుని పోనిచ్చుచున్నావు" అనే సుమెయోను గీతం. వాటిలో దేన్నీ నేను పాడలేదు. అయితే మరియ గీతం సగంలో ఉండగా, పాడే పని లేకపోవడం వల్లనే ప్రతి మాటా వింటున్నానని గమనించాను. ఇంటి దగ్గర అదే గీతంలో నా ధ్యాసంతా శ్రుతి తప్పకుండా ఉండటం మీదే ఉండేది. విశ్వాస ప్రమాణానికి అందరూ తూర్పుకు తిరిగారు. అక్కడ మాత్రం నా గొంతుకూ చోటు దొరికింది.

మూడు విన్నపాలలో చివరిది చీకటి గురించినది. నేను దాన్ని తెలుగులోనే, పెదవులు కదిలించకుండా చెప్పుకొన్నాను.

ప్రార్థన అయ్యాక ఉత్తరపు పక్కనున్న హత్యాస్థలానికి వెళ్లాను. 1170 డిసెంబరు 29న సన్యాసులు సాయంకాల ప్రార్థనలో ఉండగా, రాజు హెన్రీ కొలువులోని నలుగురు యోధులు ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను నరికింది అక్కడే. 1912లో అదే డిసెంబరు 29న కలకత్తాలో వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు సంప్రదాయం) శాఖలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తుడై మా డోర్నకల్‌కు వచ్చాడు. నేల మీది రాతి పలకను చూస్తూ ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకొన్నాను, వాటి నుంచి ఏమీ తేల్చలేదు.

బయట మెట్ల మీద కూర్చుని బూటు విప్పి, బొబ్బకు గుడ్డ చుట్టుకొంటూ పుస్తకంలో పుట తిప్పాను. 28వ తేదీ సాయంత్రానికి 136 మొదలు 138 దాకా. నా రైలు తెల్లవారే.