ఆసుపత్రి గోడ మీద ఉదయ సముద్రం: నా అనుభవం

నల్లగొండలోని ఒక ఆసుపత్రిలో డయాలసిస్ విభాగానికి దారితీసే పొడవాటి వరండా గోడ మీద మా పాఠశాల పిల్లలూ, అక్కడ చికిత్స పొందుతున్న రోగులూ కలిసి ఒక పెద్ద చిత్రం వేశారు. డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా నడిపించాను కనుక, ఇలాంటిది తలపెట్టేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. పిల్లలు బొమ్మలు వేసి వెళ్తే రోగులు చూసి సంతోషిస్తారన్నంత వరకే ఆగిపోకుండా, మంచం దిగలేని వారి చేయి కూడా ఆ గోడ మీద పడాలన్నది నా పట్టుదల.

అనుమతి కోసం వెళ్లినప్పుడు, గోడకు రంగులు వేస్తే జబ్బు తగ్గుతుందా అని సూపరింటెండెంట్ గారు సూటిగా అడిగారు. తగ్గుతుందని నేను అనలేదు. రోజర్ ఉల్రిక్ 1984లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనాన్ని ఆయన ముందు పెట్టాను. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగినవారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న 23 మంది, ఇటుక గోడ తప్ప మరేమీ కనిపించని గదుల్లోని 23 మంది కంటే త్వరగా ఇంటికి వెళ్లారనీ, బలమైన నొప్పి మందుల అవసరం వారికి తక్కువగా పడిందనీ అందులో ఉంది. అది నిజమైన చెట్ల సంగతే తప్ప బొమ్మల సంగతి కాదని కూడా దాచకుండా చెప్పాను. ఆయన కొంతసేపు ఆలోచించి, డయాలసిస్ రోగులు వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చునే గోడనే మాకు కేటాయించారు.

గోడను సిద్ధం చేయడంలో అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది పాత రంగు విషయంలోనే. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ ఆ గోడ అడుగు పొరలు అంతకంటే చాలా పాతవి. సీసం కలిసిన దుమ్ము అందరికంటే పిల్లలకే ఎక్కువ హాని చేస్తుంది కనుక, పిల్లలు రాని రోజుల్లోనే పెయింటర్ల చేత గోడను తడిపి గీకించి, రాలిన పెచ్చులను సంచుల్లో కట్టించి, నేలను తడిగుడ్డతో తుడిపించాము. ఆ తర్వాత ప్రైమర్, దాని మీద వాసన తక్కువగా ఉండే, నీటితో కలిపే ఎమల్షన్ రంగు పూతలు పడ్డాయి.

ఏ బొమ్మ వేయాలన్నది రోగులనే అడగమని పిల్లలను పంపాను. ఎక్కువ మంది చెరువు అన్నారు. డయాలసిస్ రోగులకు రోజుకు తాగే నీళ్లు కూడా కొలతే కనుక, దాహంతో ఉన్నవారి కళ్ల ముందు చెరువు పెట్టడం భావ్యం కాదేమోనని హెడ్ నర్సు సందేహించారు. పక్కనే కూర్చున్న ఒక అవ్వ ఆ మాట విని, “తాగనియ్యరు సరే, చూడనియ్యరా బిడ్డా?” అని అడిగింది. ఆ మాటతో నల్లగొండ పక్కనే పానగల్లులో ఉన్న ఉదయ సముద్రం చెరువు ఖాయమైంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల నాటి ఆ చెరువు కట్ట, తాటిచెట్లు, తామరలు, కొంగలు, దూరంగా ఛాయా సోమేశ్వరాలయ శిఖరాలు, కట్ట మీద బతుకమ్మలతో నడిచే ఆడవాళ్లు చిత్రంలోకి వచ్చారు.

పిల్లలను డయాలసిస్ గదిలోకి అనుమతించరు, రోగులు గోడ దగ్గర నిలబడలేరు. అందుకని చిత్రాన్ని గళ్లుగా విభజించి, కొన్ని గళ్లను అడుగు చదరపు ప్లైవుడ్ పలకల మీదికి మార్చాము. ఒక్కో పలకకు ఒక విద్యార్థి, ఒక రోగి. విద్యార్థి గీతలు గీసి, ఏ భాగంలో ఏ రంగు నింపాలో అదే రంగు చుక్క పెట్టి లోపలికి పంపేవాడు. అమెరికాలోని ఫౌండేషన్ ఫర్ హాస్పిటల్ ఆర్ట్ అనే సంస్థ రోగుల చేత బొమ్మలు వేయించేటప్పుడు ఇలాంటి రంగు గుర్తుల పద్ధతినే వాడుతుంది. డయాలసిస్ దాదాపు నాలుగు గంటలు సాగుతుంది, సూదులున్న చేయి కదలకూడదు. అయితే వీలైనంత వరకు వాటం లేని చేతికే ఫిస్టులా (సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపే ఏర్పాటు) చేస్తారు కాబట్టి చాలామందికి పనిచేసే చేయి ఖాళీగానే ఉంటుంది. రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉన్నందున నర్సు చూసి సరే అన్న తర్వాతే పలక ఇచ్చేవాళ్లం. రక్తం ద్వారా అంటుకునే కాలేయ వ్యాధి హెపటైటిస్-బి ఉన్నవారికి యంత్రమే వేరుగా ఉంటుందని నర్సులు చెప్పగా, ఎవరి కుంచె, ఎవరి రంగు గిన్నె వారికే ఉండేలా, కడిగి తుడవడానికి వీలైన ప్లాస్టిక్ పిడి కుంచెలే కొన్నాము.

సాధారణ వార్డులో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. ఏళ్ల తరబడి తాగిన బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఆయన మెడ, భుజాలు బిగుసుకుపోయాయి, వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఆ ఫ్లోరైడ్ మా జిల్లాలో ఎన్ని చేతులను ఇలా చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆయన కోసం కుంచె పిడికి గుడ్డ చుట్టి లావు చేసి, పలకను ఒడిలో దిండు మీద పెట్టాము. చెరువు నీళ్లన్నీ తానే వేస్తానని ఆయన అడిగి తీసుకున్నారు. ఆయన నీలం గీతలు దాటి కొంగ కాళ్ల మీదికి పాకితే, దిద్దుదామని కొందరు పిల్లలు, వద్దని ఆయన జతగాడైన ఏడో తరగతి అబ్బాయి వాదించుకున్నారు. నేను ఆ అబ్బాయి పక్షమే. కొంగ నీళ్లలో నిలబడింది కదా.

పలకలను గోడకు బిగించి, అంచులు కలిసేలా పిల్లలు రంగు సరిచేసిన తర్వాత, ఆసుపత్రి వాళ్లు గోడలు తుడిచే మందుకు తట్టుకునే పారదర్శక పూత వేయించాము. కింది వరుస పలకలను మాత్రం స్క్రూలతోనే ఉంచాము. చిత్రం పూర్తయ్యాక చేరిన రోగులు తమకూ ఒక పలక కావాలని అడుగుతున్నారు కనుక, కట్ట కింది పొలాలున్న ఆ వరుసను విప్పి వారి చేత కొత్తగా వేయించాలని నిర్ణయించాము. ఆ పొలాల్లో ఏ పంట ఉండాలో అడిగి రావడానికి పిల్లలు వచ్చే శనివారం వెళ్తున్నారు.