తొలి ఏకాదశి నాడు తీపి తెలియలేదు

షుగరు బయటపడి ఆరేళ్లయింది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఉదయం దానితోపాటు గ్లిమెపిరైడ్. వేళ తప్పకుండా వేసుకుంటున్నా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6 దగ్గరే నిలిచిపోయింది.

మా అక్కది అమ్రాబాద్ వైపు పల్లె. ఆమె పెరటి కంచెకు పొడపత్రి తీగ అల్లుకుని ఉంటుంది. "రోజూ రెండాకులు నమిలి చూడు తమ్ముడూ" అని సంచి నింపి పంపింది. అచ్చంపేటలో పేరూ ఊరూ లేని పొట్లంలో నేరేడు గింజల పొడి కూడా కొన్నాను. నానబెట్టిన మెంతులు, కాకర రసం ఇంట్లో ఎలాగూ ఉన్నాయి. డాక్టరుకు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. కోప్పడతారని భయం, ఆకులే కదా అన్న ధీమా.

రెండు వారాల్లో పరగడుపు షుగరు తగ్గడం మొదలైంది. ఎంతో సంబరపడ్డాను. అంతలో తొలి ఏకాదశి వచ్చింది. ఉపవాసం ఉన్నాను, మాత్రలు మానకూడదు కదా అని అవి వేసుకున్నాను. గుడి నుంచి వచ్చేసరికి ఎండెక్కింది. అప్పుడు ఆకులు గుర్తొచ్చి నమిలాను.

కాసేపటికి చేతులు వణికాయి. చొక్కా చెమటతో తడిసిపోయింది. కోడలు గబగబా పేలాల పిండి తెచ్చి నోట్లో పెట్టింది. బెల్లం కలిపి దంచిన పిండి, నాకు మట్టి నమిలినట్టుంది. "ఇందులో బెల్లం వేయలేదా అమ్మా?" అన్నాను. చక్కెర నీళ్లు ఇస్తే అవీ చప్పగానే ఉన్నాయి. పొడపత్రి నమిలితే నాలుకకు కొంతసేపు తీపి తెలియదు. ఆ సంగతి అప్పుడు తోచలేదు. ఉత్త నీళ్లు ఎందుకు తాగిస్తున్నారని గ్లాసు తోసేశాను. మీటరు 54 చూపించింది. 70 కంటే దిగితే చాలు, వెంటనే చక్కెర తీసుకోవాలి. బతిమాలి బతిమాలి తాగించారు. పావుగంటకు 81కి వచ్చింది. ఆ పావుగంట కోడలి ముఖం చూడలేకపోయాను.

మర్నాడు ఆకులు, పొట్లం, మెంతులు అన్నీ సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు కోప్పడలేదు. "ఆకు పనిచేయదని నేను అనను. పనిచేస్తే అది కూడా మందే కదా, మరి నా చీటీలో ఎందుకు లేదు?" అన్నారు. మెట్‌ఫార్మిన్ కథ కూడా యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్కతోనే మొదలైందని, 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు షుగరు రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడని చెప్పారు. మాత్రలో 500 మిల్లీగ్రాములంటే కచ్చితంగా అంతే ఉంటుంది. నా రెండాకుల్లో ఎంత ఉందో చెప్పగల తూకం లేదు. పైగా గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. ఖాళీ కడుపు, ఆ మాత్ర, దాని మీద ఆకు: మూడూ కలిసినందుకే నాకు ఆ గతి పట్టిందని వివరించారు.

పొట్లం పొడిని అక్కడే వదిలేయమన్నారు. అలాంటి వాటిలో లోహాలు, ఒక్కోసారి ఇంగ్లిషు మాత్రల పొడి కూడా కలిసి ఉంటాయట. ఆకులు ఆపించారు. మెంతులు, కాకరకాయ కూర తిండిగా తినమన్నారు, రసం వద్దన్నారు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే వచ్చి అడగమన్నారు. పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసిన అంకెలు నోటు పుస్తకంలో రాశాను. తెల్లన్నం తగ్గించి రాత్రి జొన్న రొట్టెకు మారాను, చెరువు కట్ట మీద నడక పెట్టుకున్నాను. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.3 వచ్చింది.

ఇదంతా అక్కకు ఫోనులో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకూ షుగరే, ఆమె కూడా మాత్రలతోపాటు ఆ ఆకే నములుతుంది. పోయిన నెల డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు, మాత్రల డబ్బా పక్కనే నాలుగు పొడపత్రి ఆకులు కాగితంలో చుట్టి పెట్టుకుందట.