అర మార్కు

శుక్రవారం.

ఈ వారం ప్రార్థన డ్యూటీ నాది. బస్సు దిగి గేటు దాటేసరికే పిల్లలు లైన్లు కట్టేశారు. మైకు పలకలేదు. పీఈటీ సార్ దాన్ని నాలుగుసార్లు తట్టి, వైరు పీకి మళ్లీ గుచ్చి, ‘ఇవాళ గొంతులే గతి’ అని పక్కన పడేశారు. ప్రతిజ్ఞ చెప్పే వంతు తొమ్మిదో తరగతిది. ఎవరొస్తారా అని చూస్తుంటే ఆ పిల్ల వచ్చి నిలబడింది. నాకు గుండె గుభేలుమంది. మైకు పెట్టినా వినబడని గొంతు ఆమెది.

కుడిచేయి చాచి ‘భారతదేశం నా మాతృభూమి’ అంది. వెనక వరసలో గోడకు ఆనుకుని ఉన్న పదో తరగతి మగపిల్లలు కూడా తిరిగి పలికారు. అంటే అక్కడి దాకా వెళ్లినట్టే.

ప్రతిజ్ఞలో పిల్లలందరూ జారిపడే చోటొకటుంది. ‘సుసంపన్నమైన, బహువిధమైన’ దగ్గర. రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మా నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషే. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఉద్యోగం చేస్తూ రాశారు. నేను చదువుకున్నప్పుడు పుస్తకంలో ఆయన పేరు ఉండేది కాదు, ఎవరో ఢిల్లీ వాళ్లు రాశారనుకునేదాన్ని. ఆయన మీద గౌరవం ఉంది కానీ, ఆ ఒక్క మాట దగ్గర పిల్లల మీద కాస్త కనికరం చూపించాల్సింది.

ఈ పిల్ల కూడా అక్కడే ఆగింది. ‘బహు...’ అని ఊరుకుంది. ఎక్కడో ఇద్దరు కిసుక్కుమన్నారు. చాచిన చెయ్యి మాత్రం దించలేదు. గుటక మింగి, వాక్యం మొదటికెళ్లి, ఈసారి మెల్లగా, ముక్క ముక్కగా చెప్పింది. బడి మొత్తం సగం వాక్యం రెండుసార్లు పలకాల్సి వచ్చింది. పలికింది.

ఈమె ఆరో తరగతిలో చేరింది 2022 జూన్‌లో, మా బళ్లలో ఇంగ్లీషు మీడియం మొదలైన ఏడాదే. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు అప్పుడే వచ్చాయి. పాఠం చదవమంటే వేలు తెలుగు పేజీ మీద, కళ్లు ఇంగ్లీషు పేజీ మీద, నోరు ఎక్కడా లేదు. హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ మేడం’ అనేదట. నాకు వినబడక రెండుసార్లు ఆబ్సెంట్ వేశాను. రెండోసారి మధ్యాహ్నం అన్నం లైన్లో పళ్లెం పట్టుకుని కనబడింది.

అప్పుడు నేను చేసిన వైద్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. క్లాసు ముందు నిలబెట్టి ‘గట్టిగా చెప్పు, ఇంకా గట్టిగా’ అని మూడుసార్లు చెప్పించాను. ధైర్యం నేర్పిస్తున్నాననుకున్నా. తర్వాత రెండు రోజులు బడికే రాలేదు. ఈ సంగతి స్టాఫ్ రూంలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నా.

ఆమెను మార్చింది నేను కాదు, వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క. ఎనిమిదో తరగతిలో ఉండగా మా అటెండర్ రిటైరయ్యాడు, ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. బెల్ ఎవరు కొట్టాలి? ఆ పిల్ల కూర్చునే కిటికీలోంచి ఆఫీసు గడియారం కనబడుతుంది కాబట్టి ఆమెకు అప్పజెప్పాను. అంతకుమించి నాకు ఏ ఆలోచనా లేదు.

మొదటి వారం బెల్ కూడా ఆమెలాగే మోగింది. ‘టిణ్’ మని. ఎవరూ కదల్లేదు. ‘కొట్టినవా, లేదా?’ అని పిల్లలు కిటికీల్లోంచి అరిచేవాళ్లు. ఇనుప రాడ్డును రెండు చేతులతో పట్టుకోవడం ఎప్పుడు మొదలుపెట్టిందో గమనించలేదు కానీ, దసరా సెలవులకు ముందే రోడ్డవతల కిరాణా కొట్టాయన ఆమె బెల్ విని టీ పెట్టేవాడు.

అసలు కష్టం వేరే. బెల్ కొట్టినా బయటికి రాని టీచర్లుంటారు కదా, అందులో నేనొకదాన్ని. ఒకరోజు వేగానికీ త్వరణానికీ తేడా చెబుతూ నేనెక్కడికో వెళ్లిపోయాను. గుమ్మం దగ్గర నీడ. ‘మేడం, టైమైంది. తర్వాతి పీరియడ్ సార్ బయట నిలబడ్డరు.’ అడగకుండా ఆమె నాతో అన్న మొదటి మాట అది. తర్వాత లెక్కల సార్‌తో ఏకంగా వాదనే. రెండు నిమిషాలు ఆగమన్నాడట. ‘ఆపితే లాంగ్ బెల్ కూడా లేటైతది సార్, బస్సు పోతది’ అందట. ఆయన ఇది నాకు ఫిర్యాదుగా చెప్పాడు, నేను బయటికి నవ్వలేదు.

మధ్యాహ్నం పప్పుచారు పలచగా ఉంది. ఆన్‌లైన్ హాజరు యాప్ రెండుసార్లు తిరస్కరించి మూడోసారి దయతలచింది. ఏడో తరగతిలో ఒకడు జామెట్రీ బాక్సులో కప్పపిల్లను తెచ్చాడు.

ఆఖరి పీరియడ్లో తొమ్మిదో తరగతికి దిద్దిన ఎఫ్‌ఏ పరీక్ష పేపర్లు ఇచ్చాను. లాంగ్ బెల్ మోగాక, రాడ్డు తుప్పు ఇంకా అరచేతులకు ఉండగానే, ఆ పిల్ల స్టాఫ్ రూంకి వచ్చింది.

‘మేడం, మూడో ప్రశ్నకు అర మార్కు తక్కువేసిండ్రు.’

గంటకు 54 కిలోమీటర్లు పోయే రైలు లెక్క అది. 15 అని సరిగ్గానే తెచ్చింది, ప్రమాణం రాయలేదని కోశాను.

‘యూనిట్ రాయలేదు కదమ్మా.’

‘రాసిన మేడం.’

అద్దాలు పెట్టుకుని చూశాను. 15 పక్కన, మార్జిన్ గీతను ఆనుకుని, నువ్వుగింజంత అక్షరాల్లో మీటర్లు పర్ సెకండ్ ఉంది. ఎంత చిన్నగా రాసిందంటే, ఆరో తరగతిలో ‘ప్రెజెంట్ మేడం’ గుర్తొచ్చింది. పేపర్ మీద దిద్ది ఇచ్చాను. తీసుకుంది కానీ కదల్లేదు.

‘ఇంకేంటి? బస్సు పోదూ?’

‘రిజిస్టర్ల కూడా మార్చండి మేడం.’

బీరువా తాళం తీసి, రిజిస్టర్ బయటికి లాగి, ఆమె వరస వెతికి అంకె కొట్టేసి కొత్తది వేసేదాకా టేబుల్ పక్కనే నిలబడి చూసింది. పక్కన నా సంతకం కూడా పెట్టించింది.