పేరు చెక్కితే కస్టమ్ అయిపోతుందా?

"బ్లేడు మీద కస్టమర్ పేరు చెక్కాం కదండీ, ఇది కస్టమ్ కత్తే!" ఆటోనగర్‌లో ఇవాళ విన్న మాట. బ్లేడు రెడీమేడ్. దానికి రోజ్‌వుడ్ పిడి, రెండు ఇత్తడి పిన్నులు, ఎపాక్సీ జిగురు. పని నీటుగానే ఉంది, కాదనను. కానీ అది కిట్ కత్తి, అంటే రెడీమేడ్ బ్లేడుకి పిడి బిగించింది.

కోసేదేమిటో, పట్టేదెవరో అడిగాక బ్లేడు డిజైన్ గీస్తేనే కస్టమ్. హార్బర్‌లో వంజరం ముక్కలు కొట్టే ఆవిడకి బ్లేడు వెన్ను (పదును లేని వైపు) 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి, పదును ఒక్కో వైపు 20–25 డిగ్రీలు. ఫిల్లెట్ (ముల్లు లేని కండ) తీసేవాళ్లకి 2 మిల్లీమీటర్ల లోపు, వంగే బ్లేడు, 15 డిగ్రీలు చాలు. రెండూ ఒకే అచ్చులోంచి రావు.

ఆర్డరు లేకుండా మొత్తం చేత్తోనే చేసి షెల్ఫ్‌లో పెడితే? అది హ్యాండ్‌మేడ్. మంచి కత్తే కావచ్చు, కస్టమ్ మాత్రం కాదు.

అసలు గొడవ హీట్ ట్రీట్‌మెంట్ దగ్గర. 5160 ఉక్కు (కమాను పట్టీల రకం) అయితే 830 డిగ్రీల దగ్గర కాల్చి, గోరువెచ్చటి నూనెలో ముంచి, చల్లారగానే 200 డిగ్రీల్లో రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్, అంటే పెళుసుతనం తగ్గేలా మళ్లీ వేడిచేయడం. ఇది మానేస్తే చేప ముల్లు తగలగానే అంచు పెచ్చులూడుతుంది. (పాత లారీ కమాను పట్టీలతో జాగ్రత్త, కంటికి కనపడని పగుళ్లుంటాయి.) స్టెయిన్‌లెస్‌కి 1000 డిగ్రీలు దాటాలి, కొలిమిలో అదుపు కుదరదు. బయట ఫర్నేస్‌కి పంపినా నా లెక్కలో కస్టమే, ఆ సంగతి కొనేవాళ్లకి చెప్తే.

మన ఉప్పుగాలికి పిడి కింద తుప్పు గురించి మాత్రం ఎవరూ అడగరు!